తలుపు సందులోంచి నేర్చిన స్పానిష్

ఆసుపత్రి గేటు ఎదురుగా టీ కొట్టు. అక్కడి బల్ల మీద లిఫ్టు మెకానిక్ కూర్చున్నాడంటే చాలు, అంబులెన్సు డ్రైవరు రెండో టీ చెప్పేస్తాడు. అతని కబుర్లు ఒక టీతో అయ్యేవి కావు మరి.

"స్పానిష్‌దేముంది బావా, గంట పని! పోయినేడాది లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల ఒక విదేశీ ఆవిడ. నేను తలుపు సందులో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పుతుంటే, ఊరికే కూర్చోలేక ఆవిడ నాకు పాఠం మొదలెట్టింది. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు. అచ్చం మనలాగే! మనం 'వస్తాను' అంటే చాలదూ, వచ్చేది నేనేనని మాట చివరున్న తోకే చెప్పేస్తుంది. వాళ్ళదీ అంతే, తోక పట్టుకుంటే మనిషి దొరికిపోతాడు."

"నిజమే సుమా!" డ్రైవరు గ్లాసు దించాడు. "అన్ని మాటలకీ అదే తోకా?"

"అక్కడే ఉంది కిటుకు. కొన్ని మొండి క్రియలుంటాయి, ఏ లెక్కకీ లొంగవు. ఒక్కసారి గుడ్లురిమి చూశాను, దారికొచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ వాళ్ళ ఊరికి ఫోను చేసి నా చేత మాట్లాడించింది. అక్కడ మధ్యాహ్నం, భోంచేసి కునుకు తీసే వేళ. నా గొంతు వినగానే ఊరు ఊరంతా దుప్పట్లు తన్నేసి లేచి కూర్చుంది!"

"ఫోన్లోనే?" పాలు పొంగుతున్నా చూసుకోలేదు కొట్టు బాబాయి.

"ఫోన్లోనే బాబాయ్! ఇంకా విను. కొత్త సంవత్సరం వచ్చే రాత్రి వాళ్ళు గడియారం కొట్టే ఒక్కో గంటకీ ఒక్కో ద్రాక్షపండు తింటారు. పన్నెండూ తింటే ఏడాదంతా అదృష్టమట. మొన్న ఆ రాత్రి ఫోన్ చేసి, గంట కొట్టినప్పుడల్లా ఒక్కో క్రియ నన్ను చెప్పమన్నారు. ఊపులో ఉన్నానేమో, పన్నెండు దాటినా ఆగలేదు. నా మీద గౌరవంతో గడియారమూ ఆగలేదు! తెల్లారేదాకా అది కొడుతూనే ఉంది, పాపం వాళ్ళు తింటూనే ఉన్నారు, ఆ దేశంలో ద్రాక్షతోటలన్నీ ఖాళీ!"

బల్ల చివర కూర్చున్న నర్సు చటుక్కున లేచింది. "అన్నా, దేవుడిలా దొరికావు! మా వార్డులో స్పానిష్ తప్ప ఇంకేమీ రాని పెద్దావిడ ఉంది. రేపు ఆపరేషను. పొద్దున్నుంచీ ఏదో అడుగుతోంది, ఎవరికీ అర్థం కావట్లేదు. ముద్ద ముట్టడం లేదు. వచ్చి కాస్త మాట్లాడు."

మెకానిక్‌కి పొలమారింది. "ఏ... ఏ ఊరావిడ? నాది కొంచెం వేరే యాస."

"'భయపడకండి' అంటే చాలన్నా."

అందరూ అతని నోటివంకే చూస్తున్నారు. అతను గొంతు తగ్గించాడు. "సిస్టర్, నాకు వచ్చింది ఆ రెండు తోకలే. పెద్దావిడని పట్టుకుని 'నువ్వు' అనలేను కదా. 'మీరు'కి తోకేమిటో అడిగేలోపే లిఫ్టు బాగైపోయింది."

డ్రైవరు పగలబడి నవ్వాడు. నర్సు మాత్రం నవ్వలేదు. మెకానిక్ చేతిలోని గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఆవిడనే అడుగు. నేర్చుకునేవాడొకడు ఎదురుగా కూర్చుంటే రెండు ముద్దలైనా తింటుంది. పద."