ఇసుకలో మేకులు

స్టుట్‌గార్ట్ వెళ్లే ఎస్-బాన్ లోకల్ రైల్లో నా ఎదుటి సీట్లలో ఓ తెలుగు జంట. ఇంకో జంటతో కలిసి అరిజోనా ఎడారికి వెళ్లి మొన్ననే తిరిగొచ్చారని వాళ్ల మాటల్ని బట్టి తెలిసింది.

“శనివారం శ్రీచరణ్ వాళ్లని భోజనానికి పిలిచానండీ.”

“వాళ్లనెందుకు? వాళ్లదీ ఒక క్యాంపింగేనా? గుడారంలో డబుల్ కాట్, ఏసీ, కాఫీ మెషీన్! ఆ మాత్రానికి ఎడారి దాకా ఎందుకు, ఏ హోటల్లోనో పడుంటే పోయేది.”

“మన టెంట్ గాలికి ఎగిరిపోతే లోపలికి రమ్మన్నది వాళ్లేగా.”

“అది ఇసుక తప్పు. ఇక్కడ బ్లాక్ ఫారెస్ట్‌లో అవే టెంట్ మేకులు ఎంత గట్టిగా నిలబడ్డాయో చూశావుగా.”

“పొట్టి మేకులు ఇసుకలో ఆగవని అతను ముందే చెప్పాడు.”

“ఏసీలో పడుకునేవాడా నాకు చెప్పేది? నేలమీద పడుకోవడం చేతకానివాడికి టెంట్ గురించి ఏం తెలుసు!”

“ఆ రాత్రి మనకి మంచం ఇచ్చేసి, మొగుడూ పెళ్లాం నేలమీదే పడుకున్నారు.”



“ఏం మంచంలే! పరుపు మరీ మెత్తన. పట్టేసిన నడుం ఇంకా వదల్లేదు.”