కిరీటాల పేరంటాలు

సంవత్సరం తప్పు చెక్కారు, తల్లీ, నీ రాతి మీద! సరేలే. చావే అబద్ధమైన చోట సంవత్సరం నిజమైతే మాత్రం ఒరిగేదేముంది?

'శ్రీ కిరీటాల పేరంటాలమ్మ. పూర్వనామం సింహాద్రి. స్వర్గస్థురాలైన సంవత్సరం' అని రాసి, కింద అంకెలు వేశారు. ఆ అంకెలు నాకు బాగా తెలుసు. ఆ ఏడాదే బొంబాయిలో, ఒక పెద్ద హోటలు హాల్లో, నా నెత్తిన కిరీటం పెట్టారు. గెలిచిన ఏడాదే పోయిన ఏడాది అయి కూర్చుంది. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పాను కానీ ఇంత పొదుపైన చరిత్ర నేనెక్కడా చదవలేదు.

ఏం, అలా చూస్తావేం? గుర్తుపట్టలేదా? నీ గుడి మొత్తం నా చావు మీద కదా నిలబడింది! నేనమ్మా, సింహాద్రిని. జుట్టు నెరిసింది, కళ్ళజోడొచ్చింది, మోకాళ్ళు పోయాయి. నీకేం, రాయివి. ఆ రోజు నా వయసెంతో నీకింకా అంతే.

నెమ్మదిగానే మాట్లాడతాను. ఆదిలక్ష్మి వచ్చేస్తుంది. పక్క కొట్టుకి కొబ్బరికాయ కోసం వెళ్ళింది. "కూకో అమ్మా, బేగొచ్చేత్తాను. నీ పేరూ, ఇంటోళ్ళ పేర్లూ సెబితే మాయక్కకి సెవిలో ఏసేత్తాను" అంది.

నా చెల్లెలు నన్ను 'అమ్మా' అంది. నిన్ను 'అక్కా' అంది.

ఆ ఒక్క పిలుపు కోసమే వచ్చాను, దాచడం దేనికి? చచ్చేలోగా ఒక్కసారి దాని నోట 'అక్కా' అనిపించుకుని పోదామని. వస్తే, ఆ పిలుపు నీకు మూడు పూటలా దక్కుతోంది. అది తిరిగొచ్చి పేరడుగుతుంది. ఉన్న పేరు చెప్పాలా, మానాలా? అది వచ్చేలోగా తేల్చుకోవాలి. నువ్వేమీ సాయం చెయ్యవు కదా!

అసలు నీ సంగతి నాకెలా తెలిసిందనుకున్నావు? సీతమ్మధారలో, మా ఫ్లాటు బాల్కనీలో కాఫీ తాగుతూ పేపరు తిప్పుతుంటే, జిల్లా పేజీలో. అచ్యుతాపురం ఫ్యాక్టరీల రోడ్డు వెడల్పు చేస్తున్నారట. ఊరు ఇప్పటికే కాలనీకి తరలిపోయిందట. రేపు పేరంటాలమ్మని కూడా మేళతాళాలతో ఊరేగించి కొత్త గుడికి తీసుకెళ్తారట. 'ఒకనాటి జాతీయ సుందరి, అకాల మరణం తరువాత ఈ గ్రామాన వెలసి...' అని చదివి, కప్పు కింద పెట్టి, నా చేతిని ఒకసారి గిల్లి చూసుకున్నాను. నవ్వకు. ఆధారం సరిచూసుకోవడం నా వృత్తి.

అచ్చులో నాకిది రెండో మరణం. మొదటిది బొంబాయి వాళ్ళే చేశారు. ఆ పోటీకి యాభై ఏళ్ళు నిండాయని ఒక అట్టహాసమైన పుస్తకం వేశారులే. గెలిచిన ఆడపిల్లలందరి బొమ్మలూ వేసి, తర్వాత ఎవరేమయ్యారో రాశారు. ఒకామె సినిమాల్లోకి పోయింది. ఒకామె విమానాల్లో పనిచేసింది. ఒకామె కాన్వెంటులో చేరి సన్యాసం పుచ్చుకుంది. నా బొమ్మ కింద 'సీమ: ఆచూకీ తెలియదు' అని ఉంది. సీమేమిటంటావా? సింహాద్రి అన్న పేరు మైకులో పలకదన్నారు. మగవాడి పేరులా ఉందన్నారు. పేరు కత్తిరించి చేతిలో పెట్టారు. నా ముందామెదీ కత్తిరించిందే, నా తర్వాతామెదీ కత్తిరించిందే. ఆ పోటీ చరిత్రంతా తిరగేశాను, సొంత పేరుతో గెలిచిన పిల్ల దొరకడమే కష్టం.

మాట కూడా దిద్దారు. ఒక దొరసాని లాంటావిడ రోజూ కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పేది. ఆవిడకి తోడు తెలుగు తెలిసిన మేనేజరొకడు. "నాను కాదమ్మా, నేను. ఏటి కాదు, ఏమిటి. మీ విశాఖపట్నం యాస పేపరువాళ్ళ ముందు తేకు" అనేవాడు. నిద్రలో కూడా 'నేను, నేను' అనుకునేదాన్ని. అప్పట్నుంచీ నోట్లో ఆ 'నేనే' ఉండిపోయింది. ఇప్పుడు నీతో మాట్లాడుతున్నదీ అదే. నీకు వింతగా ఉందా?

ముందు ఏడాది గెలిచినమ్మాయే నాకు కిరీటం పెట్టాలి, అది ఆచారం. పెడుతూ పెడుతూ చెవిలో అంది, "తల కదపకు, ఇది ఎవరికీ సరిపోదు." నిజం. వెనక పిన్నులతో బిగించారు. మరుసటేడు నేనే తీసి ఇంకొక పిల్లకి పెట్టాను. ఆ పిల్ల చెవిలో అదే మాట అన్నాను. ఆ హాల్లో ఒక తల నుంచి ఇంకొక తలకి నడిచిపోయింది కిరీటమొక్కటే. మేమంతా దాన్ని మోసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళం.

నీ కిరీటం ఎవరూ అడగరు, అదృష్టవంతురాలివి! డాల్డా డబ్బా రేకు కదూ? అంచున పచ్చ రంగు ఇంకా కనబడుతోంది.

ఇక నువ్వు ఎలా పుట్టావో చెప్పనా? నీకెవరూ చెప్పి ఉండరు.

ఒక్క మాట వల్ల పుట్టావు. మాట కూడా కాదు, మాట తోక వల్ల.

నేను గెలిచిన వార్త ఫోటోతో సహా పేపర్లో వచ్చింది. ఈత దుస్తుల ఫోటో. ఆ పేపరు ఈ ఊరి టీ కొట్టుకి చేరింది. నాన్న, నీలకంఠం గారు, నలుగురిలో తలెత్తుకు తిరిగిన రైతు, దాన్ని చూశాడు. చెరువుకి పోయి తలస్నానం చేసి, తడిబట్టలతో రచ్చబండ దగ్గరకొచ్చి, "అది మాకు సచ్చినట్టే" అన్నాడు.

సచ్చినట్టే! గమనించావా? చచ్చిందని కాదు. మా నాన్న కోపంలో కూడా అబద్ధమాడేవాడు కాదు. కబురు నాదాకా వచ్చింది. "అయితే ఆయనా నాకు అంతే" అని తిరుగు కబురంపాను. నేనూ ఆయన కూతురినే కదా. అక్కడితో ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ దారి మూసుకుపోయింది.

ఆ మాట ఒక్కటే ఊళ్ళో తిరుగుతూ ఉండిపోయింది. సచ్చినట్టే అన్నది పక్క వీధికి పోయేసరికి సచ్చిందట అయింది. పొరుగూరికి పోయేసరికి సచ్చింది. 'అట్టే' అరిగి 'అట' అయింది, ఆ 'అట' కూడా రాలిపోయింది. నాన్న దిద్దాలనుకుంటే దిద్దేవాడు. దిద్దలేదు. తడిబట్టలతో ఆయన్ని చూసినవాళ్ళకి వేరే సాక్ష్యం ఎందుకు?

తర్వాత రెండేళ్ళు వానల్లేవు. పశువులకి గాలికుంటు రోగం. సోదెమ్మని పిలిస్తే, "ఊరు దాటిపోయి దిక్కులేక సచ్చిన ఆడపడుసు గాల్లో తిరగతన్నాది, నిలబెట్టండి" అందిట. అర్ధాంతరంగా పోయిన ఆడదాన్ని పేరంటాలని చేసి పూజించుకోవడం మన వైపు కొత్తేమీ కాదు కదా. ఊరంతా లెక్కేసుకుంటే అలాంటిది నేనొక్కదాన్నే తేలాను. నిన్ను నిలబెట్టారు. వానలు పడ్డాయట. పడవా మరి, రెండేళ్ళు ఎగ్గొట్టాక!

ఇదంతా ఎవరు చెప్పారంటావా? ఆదిలక్ష్మే, ఇందాక, ఒత్తులు చేసుకుంటూ. మొదటి మాట తాను స్వయంగా విన్నదట. "మా నాయిన సచ్చినట్టే అన్నాడు, ఆ సాయంత్రమే అక్క నిజింగానే పోనాది" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. నేను ఎదురుగా కూర్చుని తల ఊపాను.

అదిగో, ఆ పటం చూడు. పేపర్లో వచ్చిన ఫోటోయే. పాతపట్నంలో అబ్దుల్ హమీద్ అనే పెయింటరు దాన్ని పెద్దది చేసి, ఈత దుస్తుల మీద ఎర్ర చీర వేశాడు. బొట్టు పెట్టాడు. ఎంత ఒద్దికగా వేశాడో, కుచ్చిళ్ళతో సహా! భుజం మీది పోటీ పట్టీ మాత్రం చెరపలేదు. అది అమ్మవారి వల్లెవాటట. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు బీజాక్షరాలట. నాన్నకి కావలసింది ఆ చీర ఒక్కటే కదా. ఆ పటం చూసే ఉంటాడు. చూసి ఏమనుకున్నాడో!

నైవేద్యం సంగతి అడగనా? ఎండు నెత్తళ్ళ పులుసు! "మాయక్కకి సేపలంటే పానం" అంటుంది అది. అబద్ధాలకోరు! చేపల వాసనకే నాకు కడుపులో తిప్పేది. నా కంచంలోవి కూడా లాక్కుని తినేది అదే. ఇప్పుడు నీ పేరు చెప్పి వండుకుని, నీకు చూపించి, అదే తింటోంది. "మరి మీ అక్క మంచిదేనా?" అని అడిగాను. "సచ్చినాక మంచిదయినాదమ్మా. బతికున్నప్పుడు నా జడ అట్టుకుని ఈడ్సీసేది" అంది.

నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఏమైందంటే, సాంబ్రాణి పొగ అన్నాను.

చెప్పేద్దామనే అనుకున్నాను అప్పుడు. నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల వచ్చింది, హిమబిందు. ఫ్యాక్టరీ యూనిఫారం, మెడలో కార్డు. నీ కిరీటం మీద మందారం పెట్టి, "అమ్మా, చెన్నై కంపెనీలో తీసుకున్నారు, మా అయ్య ఎల్లొద్దంటన్నాడు, నువ్వే సెప్పాల" అని నిలబడింది. ఇక్కడి ఆచారమట. కుడిపక్కకి పువ్వు పడితే తండ్రులు ఒప్పుకుని తీరతారట. పేరంటాలమ్మ మాటంటే ఎవరూ కాదనరట.

నేను ఊపిరి బిగబట్టాను. నేను, దేన్నీ ఆధారం లేకుండా నమ్మనిదాన్ని!

పడింది, కుడికే. మూలనున్న బల్ల పంకా గాలి అటే, నాకు తెలుసు. ఆ పంకా మొహం ఎటు పెట్టాలో ఆదిలక్ష్మికీ తెలుసనుకుంటాను. ఆ పిల్ల చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పరుగెత్తింది.

మా నాన్న మాటతో పుట్టినదానివి, తండ్రుల చేత ఔననిపిస్తున్నావు. నాకు దొరకనిది పంచిపెడుతున్నావు.

ఇప్పుడు చెప్పు. నేను సింహాద్రినని అంటే ఏమవుతుంది? రేపు మేళం రాదు. ఊరేగింపు ఉండదు. నువ్వు రోడ్డు పక్క రాయివి. ఆ పిల్ల తండ్రి, "సావని దాన్ని మొక్కినావేటే, కూకో ఇంట్లో" అంటాడు. ఆదిలక్ష్మి... దానికి పెళ్ళి నిలవలేదు, పిల్లల్లేరు. అమ్మవారి చెల్లెలన్న గౌరవమే దాని బతుకు. నేను బతికితే అది ఎవరవుతుంది?

చరిత్రంటే జరిగినది రాయడమని పిల్లలకి పాఠం చెప్పాను. జరిగినది ఇక్కడ ఎవరికి కావాలి? నాకు తప్ప?

ష్... తలుపు గొలుసు చప్పుడైంది. వస్తోంది.

ఆఁ, ఇక్కడే కూర్చున్నానమ్మా. లేదు లేదు, ఎవరితోనూ కాదు, ఊరికే, అమ్మవారితో. పేరా... నాను...

కాదు, నేను. నేను సీమని. అవును, సీమే. చిన్న పేరే.

ఆఁ? లేదమ్మా, మీ దిక్కు కాదు. దూరం. నోరు జారి మీ మాట వచ్చింది, ఇందాకట్నుంచీ నీ మాటలు వింటున్నాను కదా.

తోబుట్టువుల పేర్లు కూడా చదువుతావా? నాకు... ఒక చెల్లెలు.

ఉందా అంటే... ఉన్నట్టే.

నవ్వుతావేం తల్లీ? ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి, ఉన్నట్టే ఏటంటావా? అది మా నాన్న మాటతీరులే. అలాగే చదువు. తోక తెగనీయకు.

కానియ్ మరి. కొబ్బరికాయ కొట్టు. మీ అక్క ఎదురుచూస్తోంది.