తోలు కప్పుకున్న తల్లి

ఎర్రగుట్ట కింద రాళ్లు కూలిపోయిన పాడుబాయి ఉండాదే, ఆడికి పొద్దుగూకినాక మనూరోళ్లు ఎవరన్నా పోవడం చూసినారా మీరు? చూసి ఉండరు. దాని మెట్లరాళ్లు దొంగతనంగా పీక్కపోయినోడు కూడా మిట్టమధ్యాన్నం పూటే పీక్కపోయినాడు. ఎందుకో చెప్తా గానీ, ముందు ఆ శనక్కాయలు పటపటమనిపించడం ఆపు రా సుంకన్నా, నా గొంతు నాకే ఇనపడకుండా ఉండాది.

ఇది మా అవ్వ కాలం నాటి మాట. ఆ గుట్ట కింద బీరప్ప అనే ఆయప్పది గొర్రెల రొప్పం ఉండె. రొప్పం తెలుసు కదా, చుట్టూ ముళ్లకంప ఏసి పొద్దుగూకితే మందని లోపలికి తోలేది. ఆయప్ప పెండ్లాం వన్నూరమ్మ. లేకలేక పుట్టిన మగబిడ్డ ఒకడు వాళ్లకి, కెంచప్ప అని పేరు పెట్టుకున్నారు, ఇంకా దోగాడే బిడ్డ. ఒకనాడు గొర్రె ఈనలేక అరస్తాంటే వన్నూరమ్మ బిడ్డని కంబళి మీద కూర్చోబెట్టి పోయింది, పోయి పిల్లని బయటికి లాగి, చేతులు తుడుచుకుంటా వచ్చి చూస్తే కంబళి ఉంది, బిడ్డ లేడు. తోడేలు ఎత్తకపోయిందన్నారు అందరూ. కొన్ని దినాలు ఏడ్చి ఊరు ఊరుకుంది. కన్నది ఊరుకుంటుందా? అమ్మా అని పిలిపించుకోకముందే పోయినాడే అని అదే మాట, అదే ఏడుపు, ఏండ్ల తరబడి.

కొన్నేండ్లకి మందలో గొర్రెపిల్లలు మాయమైతా వస్తే, బీరప్ప రోసిపోయి గుట్టలో తోడేలు బొక్కకి పొగ పెట్టినాడు. పొగకి తాళలేక ఆడతోడేలు బయటికొచ్చింది, ఈటెతో పొడిచేసినాడు, దాని ఎనకాలే దగ్గుకుంటా నాలుగు కాళ్ల మీద ఇంకోటి వచ్చింది, దాన్నీ పొడుద్దామని ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయినాడు. మనిషి బిడ్డ! నడుముకి వన్నూరమ్మ గొర్రెబొచ్చుతో పేనిన మొలతాడు, బిగిసిపోయి చర్మంలో దిగబడి ఉంది. ఇంకేం సాక్ష్యం కావాల?

బిడ్డని కంబళిలో చుట్టి ఇంటికి తెచ్చినాడు. తోడేలు తోలు వలిచి కంప మీద ఆరేసినాడు, మిగతాది ఈడ్చుకపోయి ఆ బాయిలో పడేసినాడు. పూడ్చిపెట్టొచ్చు కదా? గుంత తీసే ఓపిక లేకపోయిందంట మహానుభావుడికి.

వన్నూరమ్మ సంతోషం ఏమని చెప్పేది! కానీ వాడు దగ్గరికి రానిస్తే కదా. ముట్టుకుంటే కొరికె, సంగటి పెడితే మూతి తిప్పుకునె, పాలు పోస్తే ఒలకబోసె, పోయి పోయి కంప మీది తోలులో మొగం పెట్టుకుని మూలుగుతా పండుకునె. ఎముకలు తేలిపోయినాయి. ఇట్లే ఉంటే దొరికిన బిడ్డ మళ్లీ పోతాడని ఆయమ్మకి అర్థమైంది.

అప్పుడు ఆయమ్మకి తోచింది చూడండి, గొర్రెలు కాసే ఆడదానికి తప్ప ఇంకెవరికీ తోచదు. పిల్ల చచ్చిపోయిన గొర్రెకి, తల్లి లేని పిల్లని అలవాటు చెయ్యాలంటే ఏం చేస్తారు? చచ్చిన పిల్ల తోలు వలిచి ఈ పిల్ల వీపున కడతారు. గొర్రె వాసన చూసి, నా బిడ్డే అనుకుని పాలిస్తుంది. అట్ల ఎన్ని పిల్లల్ని బతికించిందో వన్నూరమ్మ! పోయి కంప మీది తోలు తీసి తానే కప్పుకునింది. అత్త వద్దని మొత్తుకునింది, చచ్చినదాని తోలు మనుషులు కప్పుకుంటే ఎట్లమ్మే అని. ఆయమ్మ ఇనుకుంటే కదా.

కప్పుకునిందో లేదో, బిడ్డ పాక్కుంటా వచ్చి ఒళ్లో దూరినాడు. చేతిలో పెట్టిన ముద్ద తిన్నాడు. ఆయమ్మకి కండ్లనీళ్లు ఆగలేదంట. అమ్మా అనురా, అమ్మా అనురా అని పొద్దస్తమానం నేర్పిస్తాండె. వాడు ఆ నోటికల్లా చూసేవాడు గానీ పలికేవాడు కాదు. తోలు కాస్త జారిందా, గుర్రుమని లేచి దూరం పోయేవాడు. ఇంక తీసేది ఎట్ల? మన ఎండల్లో, ఆ కంపు తోలు పొద్దంతా కప్పుకునే ఉండె. గొర్రెలు ఆయమ్మని చూసి చెదిరిపోతాండె, పెంచిన కుక్క కూడా తోక ముడుచుకునె. అయినా బిడ్డ ఒళ్లో ఉన్నాడు కదా, ఆయమ్మకి ఇంకేమీ పట్టలేదు.

అప్పుడు మొదలైందప్పా. దీపాలు పెట్టే యాళకి బాయి దిక్కునించి ఒకటి నడిచి వచ్చింది. తోడేలే. ఒంటి మీద తోలు లేదు. ఎర్రగా, తడితడిగా, అడుగు పెట్టినచోటల్లా నేల చెమ్మగిల్లుతా వచ్చింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి మూలకి చేరినాయి. కుక్క మొరగలేదు. అది ఏ పిల్లనీ ముట్టలేదు, కంప అవతల నిలబడి వన్నూరమ్మకల్లా చూసి పోయింది. మరుసటి దినం కంప ఇవతల నిలబడింది. బీరప్ప ఈటె ఇసిరితే దాంట్లోనించి దూరి అవతల పడింది. ఆ తర్వాత దినం వన్నూరమ్మ కట్టెలు ఎత్తుకుని లోపలికొస్తే, అది బిడ్డ పక్కన పండుకుని వాడి తల నాకుతాంది, వాడు కండ్లు మూసుకుని నవ్వుతాండాడు. ఆయమ్మ దగ్గర వాడు ఒక్కసారి కూడా నవ్వలేదు.

బీరప్ప దండం పెట్టినాడు, దాని తోలు దానికి ఇచ్చెయ్యే, లేకుంటే బిడ్డని తీసుకపోతుంది అని. ఇచ్చేస్తే బిడ్డ నా కాడ ఉంటాడా అని ఆయమ్మ అడిగింది. మీరైతే ఏం చెప్తారు?

మరుసటి పొద్దుగూకే యాళకి ఆయమ్మే లేచింది. తోలు కప్పుకునే బాయి కాడికి నడిచింది, ఆ తోలు యాడికి పోతే వాడూ ఆడికే కదా, ఎనకాలే వచ్చినాడు. గట్టు మీద నిలబడి తోలు తీసింది. నీది నువ్వు తీసుకో, నాది నాకు ఇడిసిపెట్టు తల్లీ అని ఏడ్చి, దాన్ని లోపలికి ఇసిరేసి, బిడ్డకల్లా తిరిగి రెండు చేతులూ చాపింది. వాడు ఆ చేతుల్ని చూసినాడు. ఆయమ్మ మొగం చూసినాడు. తర్వాత బాయిలోకి ఒంగి, ఆయమ్మ నేర్పించినట్టే, అచ్చంగా, "అమ్మా!" అన్నాడు. అని దూకేసినాడు.

ఊరంతా దిగి వెతికినారు, గాలాలు ఏసినారు. బిడ్డా దొరకలేదు, తోలూ దొరకలేదు. వన్నూరమ్మ మాత్రం చానా కాలం బతికింది, ఏం బతుకులే అది. దినామూ ఆ యాళకి బాయిలోనించి అమ్మా అని పిలుపు వస్తాండె, ఆయమ్మ పడతా లేస్తా పరుగెత్తి పోయి, ఓ నాయనా, ఈడే ఉండా అని పలికేది. పలికితే చాలు, ఆ గొంతు టక్కున ఆగిపోయేది. ఆయమ్మ ఇంటిదారి పట్టినాక మళ్లీ మొదలు.

ఆయమ్మ పోయింది, పిలుపు పోలేదు. అందుకే చెప్తాండా, పొద్దుగూకినాక అటుపక్క పోవద్దండి. గొర్రె తప్పిపోయినా సరే, తెల్లారి వెతుక్కోండి. ఒకయాళ పిలుపు ఇనపడితే, అయ్యో ఎవరి బిడ్డో అని కరిగిపోయి పలకొద్దండి. వాడు పిలిచేది మిమ్మల్ని కాదు. కన్నదాన్ని కూడా కాదు.