డబ్బా వెనుక పేరు

వరిలో మొగిపురుగుకు మందు కొందామని మేడిపల్లి రైతు కోరుట్ల బస్సెక్కాడు. పక్క సీట్లో డిగ్రీ చదివే కూతురు. అతని ఒళ్లో రెండు ఖాళీ డబ్బాలు.

"ఎర్రది కొట్టిన, పురుగు పోలే. గిది ఇంకా జోరుంటదని దుకాణపాయన నీలిది ఇచ్చిండు. అయినా పోలే. ఇయ్యాల మూడోది అడగాలె."

"ఇటియ్యి బాపు. ఎనుక సన్నక్షరాలు సూసినవా?"

"అవి మనకోసం రాస్తరా? నోరే తిరగది."

"క్లోరాంట్రానిలిప్రోల్. లోపలున్న మందు పేరు గిదే. ముంగటి పెద్దక్షరాలు కంపెనోళ్లు పెట్టుకున్న పేరు."

"మరి నీలిదాని ఎనుక ఏమున్నది?"

ఆమె డబ్బా తిప్పి, అక్షరాల మీద వేలు జరుపుతూ చదివింది.

"క్లో...రాం...ట్రా...నిలి...ప్రోల్."

వేలు ఆగినచోటే అతని చూపూ ఆగిపోయింది.

"అంటే రెండుమాట్ల ఒకటే మందు కొట్టిన్నా?"

"అవు బాపు. ఒకటే మందు మళ్ల మళ్ల కొడితే పురుగు దానికి అలవాటు పడుతది. ఇయ్యాల గీ పేరు లేని మందు అడుగు."

"ఇంకోపారి చెప్పు బిడ్డా, నేర్చుకుంట."

కోరుట్ల వచ్చేదాకా ఆ పేరును ముక్కముక్కగా నోట్లో నానబెట్టుకున్నాడు. దిగేముందు డబ్బాలు రెండూ సంచిలో వేసుకుంటూ అన్నాడు.

"రంగు మారంగనే నేను మోసపోయిన గని, పురుగు మోసపోలే."