ఆగిన కుట్టుమిషను

ఆస్పత్రి మంచం మీద దర్జీ కళ్లు తెరిచేసరికి, వీధిలో ఇంటింటికీ తిరిగి కలరా గురించి ఆరా తీసే వాలంటీరమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. నిన్న అతను ఏదో ఒకటి చెప్పి ఆమె ముఖం మీదే తలుపు వేశాడు.

"నన్ను ఇక్కడికి తెచ్చింది నువ్వేనటగా, తల్లీ?"

"పొద్దున మీ మిషను చప్పుడు వినబడలేదు బాబాయ్. పిన్ని కూడా ఊళ్లో లేదాయె. తలుపు పగలగొట్టించాను. గడియ ఊడింది, ఏమీ అనుకోకండి."

"అందరి ఇళ్లలోకీ తొంగిచూస్తావని తిట్టుకునేవాణ్ణి. ఆ చూపే నన్ను బతికించింది. నీకేమిచ్చుకోను?"

"నిజం చెప్పండి చాలు. బయట ఏమీ తాగలేదని నిన్న అబద్ధమాడారు."

దర్జీ గోడవైపు తిరిగాడు.

"చెబితే మీ పిన్ని పుట్టింటివాళ్లు మా గడప తొక్కరమ్మా."

"చెప్పకపోతే రేపు ఈ పక్కమంచం మీద ఇంకొకరు ఉంటారు."

అతను మళ్లీ ఆమెవైపు తిరిగాడు.

"మా బామ్మర్ది బండి దగ్గర చెరకురసం తాగాను. అందులో వేసే ఐసు మురికికాలువ పక్క షెడ్డులోది. ఇప్పుడు బడి గేటు దగ్గరుంటాడు. పిల్లల్ని వదిలే వేళయింది, పరుగెత్తు."

ఆమె అప్పటికే గుమ్మం దాటుతోంది. "మీ పేరు బయటికి రానివ్వను బాబాయ్."

"వద్దు తల్లీ, బావే పంపాడని చెప్పు. నా మాటైతేనే వాడు బండి ఆపుతాడు."