మన రేటింగంట!

కాదండీ వదినగారూ, ఊరికే మీ తమ్ముణ్ని వెనకేసుకు రాకండి. ఉత్త ఆట కోసం మొగుడితో ఇంత గొడవేంటంటారా? ఆయన ఫోన్లో మీకు అలాగే చెప్పుంటారు. కాకినాడ నుంచి బస్సెక్కించి మరీ రప్పించారు కదా మిమ్మల్ని! వచ్చారు కాబట్టి నా మాట కూడా వినండి మరి.

అదిగో, ఆ మూలనున్న కంప్యూటరు. రొయ్యల మేత కొట్టు లెక్కల కోసమని నిరుడు కొన్నారు. ఇంటర్నెట్టు పెట్టించారు. చెస్ ఆడే సైటేదో ఉందని ఎవరో చెప్పారంట, 'యానాం మణి' అని తన పేరు పెట్టుకుని చేరారు. ఆడిన ఆటలన్నీ ఓడిపోయారు. "దిక్కుమాలిన ఆట" అని లేచెళ్ళిపోయారు.

నేను కూర్చున్నాను.

ఆయ్, నాకొచ్చండి. మా నాన్నగారు నేర్పారు. ఇంటర్లో ఉండగా కాలేజీలో మగపిల్లల్ని కూడా ఓడించేదాన్ని. మీకు తెలీదు కదూ? ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రేటింగా? ఆటకి మార్కుల్లాంటిదండి. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. మీ తమ్ముడు పదకొండొందల చిల్లర దగ్గర పడేసి వెళ్ళారు. ఆ పేరు మీదే నేను పైకి లాగడం మొదలెట్టాను.

పదమూడొందల దగ్గర ఇరుక్కుపోయాను వదినగారూ. ఎంత ఆడినా అక్కడే! గెలిచేస్తున్నాననగా పొయ్యి మీద పాలు పొంగేవి. వానొస్తే లైను కట్. ఒక్కోసారి మంత్రిని ఊరికే చంపించేసుకుంటే తల గోడకేసి బాదుకోవాలనిపించేది. ఆ ఉక్రోషంలో ఇంకో ఆట, అదీ పోతే ఇంకోటి...

ఆ సైట్లో మన తెలుగువాళ్ళ జట్టొకటుందండి, అందులో చేరాను. కెప్టెను జేవియర్ గారని, విజయనగరంలో రిటైరైన లెక్చరరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. ఆయనే రాశారు, "మణిగారూ, మరీ తొందరగా ఆడేస్తున్నారు. ఐదు నిమిషాల ఆటలు మానెయ్యండి. అరగంట ఆటలాడండి. ఓడాక ఇంకోటి మొదలెట్టకుండా, ఆ ఓడిన ఆటనే మొదట్నుంచీ చూసుకోండి" అని.

చూసుకుంటే ఏముందండీ! ప్రతి ఆటలోనూ ఒకటే రోగం. అవతలివాడు కాస్త మీదికొస్తే చాలు, గాభరాపడి ఉన్నదంతా వదిలేసుకోవడం. నవ్వొచ్చింది నాకు. ఇంట్లోనూ అంతే కదా, ఎవరైనా గొంతు పెంచితే చాలు, సరేలెండి అనేస్తాను.

అది మానుకున్నానండి. ఆటలో.

అంతే, కదలడం మొదలెట్టింది. పద్నాలుగొందలు. పదిహేనొందలు. పదిహేనొందల ఎనభై ఎనిమిది! పదహారొందలు దాటితే పోటీలాడే జట్టులో చోటు. ఫిలిప్పీన్స్ వాళ్ళతో పోటీ ఉంది, మీ కోసం ఓ చోటు అట్టేపెట్టానన్నారు జేవియర్ గారు. ఇంకో రెండాటలు గెలిస్తే చాలు.

మొన్న ఆదివారం కనకాలపేటలో బారసాలకెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇంటినిండా నవ్వులు. రొయ్యల చెరువుల వాళ్ళు ముగ్గురు, పకోడీ పొట్లాలు, కంప్యూటరు ముందు మీ తమ్ముడు. "చూశారా నా రేటింగు" అని వాళ్ళకి చూపించి, ఆడి కూడా చూపించబోయారంట. ఓడారు. పరువు కోసం ఇంకోటి. అదీ పోయింది. అలా మధ్యాహ్నమంతా!

నన్ను చూసి ఏమన్నారో తెలుసా? "తులసీ, మన రేటింగు కాస్త దిగిందే" అన్నారు.

మన రేటింగంట! పద్నాలుగొందల ముప్ఫై.

అరిచానా? లేదండీ. కింద పడున్న పకోడీ కాగితాలు ఏరాను.

నవ్వకండి వదినగారూ. అంకే కదా అని ఆయనా అన్నారు. పప్పు బావుందంటారు, ఇల్లు శుభ్రంగా ఉందంటారు, సంతోషమే. కానీ కిందటేడు కన్నా ఈ ఏడు నేను మెరుగయ్యానని ఈ ఇంట్లో నాకు చెప్పేది ఆ అంకె ఒక్కటేనండి.

జేవియర్ గారు రాశారు, "ఒంట్లో బాలేదా మణిగారూ? ఈసారికి వేరే అతన్ని తీసుకున్నాను" అని. ఏమని జవాబివ్వను? అది ఆడింది మా ఆయనండి అనా? అసలిన్నాళ్ళూ ఆడింది మణి కాదండి, వాళ్ళావిడ అనా?

మర్నాడు పొద్దున్నే చదరంగం బల్ల తీసి ఆయన ముందు పెట్టాను. "ఆడండి" అన్నాను. "ఏంటి, సరదాకా?" అన్నారు నవ్వుతూ. "ఆయ్, సరదాకే" అన్నాను.

పేపరు తిరగేసినంత సేపు పట్టలేదండి, ఆయన రాజుకి కదలడానికి చోటు లేదు. "ఇంకోటి" అన్నారు. అదీ అంతే. మూడో ఆటలో సగంలోనే పావులన్నీ చేత్తో ఊడ్చేసి, "ఆడదానికి ఇంత పంతం పనికిరాదు" అని కొట్టుకెళ్ళిపోయారు.

మాటలు మానేసింది నేను కాదండి, ఆయన! ఈ ముక్క ఫోన్లో చెప్పలేదు కదూ? చెప్పరు. ఎలా చెప్తారు?

ఇంకో సంగతుంది. మీ తమ్ముడికి చెప్పనంటేనే చెప్తాను. చెప్పరుగా?

యానాం మణిని ఆయనకే వదిలేశాను. నిన్న మళ్ళీ కొత్తగా చేరాను. నా పేరుతో. రామతులసి అని. జేవియర్ గారికీ తెలీదు. ఇన్నాళ్ళ కష్టం గంగలో పోసి, మళ్ళీ పన్నెండొందల నుంచి మొదలు!

గెలిచానా? అయ్యో, ఎక్కడండీ! నా పేరు అక్కడ చూసుకునేసరికి ఆట మీద ధ్యాసే లేదు. చూసి చూసి గుర్రాన్ని అవతలివాడి నోట్లో పెట్టాను. పదకొండొందల డెబ్భై.

ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తాం! ఓడితే ఓడాను వదినగారూ, ఓడింది నేనే కదా.