హోబ్స్‌టన్‌లో అమ్మకానికో పాత ఇల్లు

పద్మనాభం గారు ఇళ్లు అమ్మిపెడతారు. మోరిస్‌విల్‌లో ఉన్న తెలుగువాళ్లలో సగంమందికి ఇల్లు తన చలవేనని ఆయనే చెప్పుకుంటారు. మిగతా సగం తన మాట వినక చెడిపోయారని కూడా ఆయనే అంటారు. ఆ జూన్ నెల ఆఖరి ఆదివారం శ్యామ్‌సుందర్ ఇంట్లో భోజనాలయ్యాక నలుగురూ ఇంటి వెనక చెక్కల డెక్ మీద కూర్చున్నారు. పద్మనాభం గారు, శ్యామ్‌సుందర్, కాలేజీ సెలవులకి ఇంటికొచ్చిన అతని కూతురు రియా, ఓ పక్కగా కనకదుర్గ.

కనకదుర్గ ఆ వేళ భోజనం కోసం రాలేదు. పద్మనాభం గారికి ఒక మాట చెప్పిపోదామని వచ్చింది. మోరిస్‌విల్ నుంచి కార్‌లో నలభై నిమిషాలు వెళితే హోబ్స్‌టన్ అని ఓ ఊరుంది. ఈ దేశం ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్నప్పుడు పొగాకు రైతులు కట్టుకున్న ఊరు. ఇప్పటికీ ఆ చెక్క ఇళ్లే, ఆ పొలాలే. పాత కళ పోకూడదని షాపుల ముందు రెండడుగులకి మించి బోర్డు పెట్టనివ్వరు, దానికి లైటు అసలే వేయనివ్వరు. అలాంటి ఊరిని పద్మనాభం గారు తన ప్రకటనల్లో 'రేపటి ఊరు' అని రాశారు. అది చదివి నమ్మి, కనకదుర్గ అక్కడ మూతబడ్డ విత్తనాల కొట్టు లీజుకి తీసుకుని టిఫిన్ సెంటర్ పెట్టింది. ఎనిమిది నెలలైంది. రైతులు కిటికీలోంచి తొంగిచూసి, మర్యాదగా టోపీ తాకి, తమ దారిన తాము పోతున్నారు. లీజు మళ్లీ రాస్తావా లేదా అని బిల్డింగ్ ఓనర్ బుధవారం దాకా గడువిచ్చాడు. రాయను, మూసేస్తున్నాను అని ఆమె చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలా అని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఈలోపు పద్మనాభం గారే మొదలుపెట్టారు. అడ్వర్టైజ్‌మెంట్ రాయడం ఒక విద్య అన్నారు. హోబ్స్‌టన్‌లో ఒక ఫార్మ్ హౌస్ రెండేళ్లుగా మార్కెట్‌లో పడి ఉందట. పదిహేడువందల అరవై ఎనిమిదిలో కట్టింది. ఏ ఏజెంటూ దాని గుమ్మం తొక్కలేదట. ఈయన వెళ్లి, ఒకసారి చుట్టూ తిరిగి, ఆ ఊరి వారపత్రికలో అగ్గిపెట్టంత ప్రకటన వేయించారట.

"ఏం రాశారు అంకుల్?" అంది రియా.

"ఒకే లైను తల్లీ. 'ఈ తలుపు మీ తాతగారికంటే పెద్దది, దయచేసి మెల్లగా తట్టండి.' అంతే. ఫోన్ నంబరు కూడా వేయలేదు. కావలసినవాడు వెతుక్కుంటూ వస్తాడని."

వచ్చారట మరి. గురువారం పేపరు పడితే మధ్యాహ్నానికి ఒక్క కాపీ మిగల్లేదట. మళ్లీ వేశారు, మళ్లీ అయిపోయాయి. మూడోసారి వేసేసరికి ప్రెస్సు మిషను ఎంత వేడెక్కిందంటే ఎడిటర్ దానిమీదే కాఫీ కాచుకున్నాడట. చదువురాని ముసలి రైతు ఒకాయన పేపరు కొనుక్కెళ్లి, తన కంచరగాడిదకి చూపిస్తే, అది కదిలి నేరుగా ఆ ఇంటి ముందుకెళ్లి నిలబడిందట.

శ్యామ్‌సుందర్ చేగోడీల పళ్లెం ఆయన వైపు జరిపాడు. ఈ మనిషిని ఆపడం ఎవరి తరమూ కాదని అతనికి ఇరవయ్యేళ్లుగా తెలుసు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎవరైనా వచ్చి ఇల్లు చూసుకోవచ్చని శనివారం ఓపెన్ హౌస్ పెట్టాను. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి చూద్దును కదా, కార్లు హైవే దాకా. ఏడు మైళ్లు. వాటి వెనక ట్రాక్టర్లు. ట్రాఫిక్ చూడ్డానికి షెరీఫ్ వచ్చాడు. వచ్చినవాడు ట్రాఫిక్ వదిలేసి తనూ లైన్లో నిలబడ్డాడు. నేను వెళ్లి, ఏం సార్ మీరు కూడానా అంటే, మా ఆవిడ చంపేస్తుందండీ, తొందరగా చూపించండి అన్నాడు."

ఇంటి ముందు బోర్డు గురించి కూడా చెప్పారు. రూలు ప్రకారం రెండడుగులదే, ఒక్క అంగుళం ఎక్కువ లేదు. అయితే అక్షరాలు తానే దగ్గరుండి రాయించారట. వాటి పొందిక ఎలాంటిదంటే, రాలీ ఎయిర్‌పోర్టులో దిగబోతున్న విమానం పైలట్ పైనుంచి చదివి, ఎడమవైపు కూర్చున్నవాళ్లు ఆ ఇల్లు చూడవచ్చని మైకులో చెప్పాడట. విమానం ఒక పక్కకి ఒరిగిందట. దిగీ దిగగానే ముగ్గురు ప్యాసింజర్లు బెల్టు దగ్గర సూట్‌కేసులు కూడా తీసుకోకుండా టాక్సీ ఎక్కారట.

కనకదుర్గ వింటోంది. మొదట ఆమెకి ఒళ్లు మండింది. ఈ నోటి మాట నమ్మే కదా తను అక్కడ చేరింది. కానీ కంచరగాడిద దగ్గర నవ్వు రాకుండా పెదవి బిగించుకోవాల్సి వచ్చింది. విమానం ఒరిగేసరికి, చెప్పవలసిన మాట కాసేపు ఆగినా ఫరవాలేదనిపించింది.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు," అన్నారు పద్మనాభం గారు, గొంతు తగ్గించి. "సాయంత్రం నాలుగింటికి లైన్లో చివరగా ఒకాయన. తెల్లటి విగ్గు, ఇత్తడి బొత్తాల కోటు, మోకాళ్ల దాకా మేజోళ్లు. ఎవరండీ మీరంటే, కల్నల్‌ని, ఈ ఇల్లు కట్టింది నేనే అన్నాడు. మీ ప్రకటన చదివాక శ్మశానంలో పడుకోబుద్ధి కాలేదు, మళ్లీ కొనుక్కుంటానన్నాడు. ఇంగ్లండు రాజుగారి సంతకమున్న కాగితం తీసి చూపించాడు."

"మీరేమన్నారు?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"రూలు రూలే కదా. రాజుగారి సంతకం చెల్లదు కల్నల్ గారూ, అప్పిస్తామని బ్యాంకు నుంచి ప్రీఅప్రూవల్ లెటర్ పట్టుకురండి అన్నాను. పాపం, తల దించుకుని వెళ్లిపోయాడు."

రియా నవ్వాపుకోలేక మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. అప్పుడు కనకదుర్గ అడిగింది, అది ఏ శనివారమని. ఈ నెల రెండో శనివారమే అన్నారాయన.

"బాబాయ్ గారూ, ఆ ఇల్లు మా షాపుకి ఎదురుగానే కదా. ఆ శనివారం నేను పొద్దుట్నుంచీ తెరిచే ఉన్నాను. రోజంతా కలిపి రెండు కాఫీలు అమ్మాను. రెండూ మీరే తాగారు."

పద్మనాభం గారు ఒక చేగోడీ తీసుకుని, తాపీగా నమిలి, మింగారు.

"ఆ వేళ ఏకాదశి కదమ్మా," అన్నారు. "వచ్చినవాళ్లంతా ఉపవాసం."

ముందు నవ్వింది కనకదుర్గే. ఎన్నాళ్లకో కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆమెని చూసి మిగతావాళ్లూ, చివరికి ఆయనా నవ్వారు.

వెళ్లేటప్పుడు ఆయన ఆమె కార్ దాకా వచ్చారు. ఆ రోజు ఒక్క జంటే వచ్చిందని, పైకప్పు చూసి అయిదు నిమిషాల్లో వెళ్లిపోయారని చెప్పారు. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక ఆమె షాపులో కూర్చున్నారట. "నువ్వు మూసేస్తావేమో అని భయంగా ఉందమ్మా. నిన్నక్కడ పెట్టింది నేనే," అన్నారు.

మూసేస్తున్నాననే చెప్పబోయింది కనకదుర్గ. కానీ ఆమె నోట్లోంచి వేరే మాట వచ్చింది. ఈ కథ ఇంగ్లీషులో కూడా ఇంత బాగా చెప్పగలరా అని అడిగింది. ఇంతకంటే బాగా చెబుతానన్నారాయన.

బుధవారం ఆమె లీజు మీద సంతకం చేసింది. గురువారం వారపత్రికలో ఓ మూల ఆమె వేయించిన ప్రకటన వచ్చింది: 'శనివారం పదింటికి పాత విత్తనాల కొట్టులో ఇడ్లీ, కాఫీ, ఒక అబద్ధం. మూడూ వేడివేడిగా.'

ఆ శనివారం పదకొండు మంది వచ్చారు. అందరూ ముసలి రైతులే. ఇడ్లీని అనుమానంగా పొడిచి చూసి, అబద్ధం మొదలయ్యాక చూడకుండానే తినేశారు. పద్మనాభం గారు ఆపాక, వాళ్లలో ఒకాయన లేచి, ఇది విని ఊరుకుంటే తన పరువు పోతుందని, తన తాత గుమ్మడికాయని పడవగా చేసుకుని నది దాటిన కథ ఎత్తుకున్నాడు. మధ్యాహ్నానికి పిండి అయిపోయింది.

మరుసటి ఆదివారం శ్యామ్‌సుందర్ ఇంట్లో పద్మనాభం గారు ఆ సంగతి చెబుతూ, వచ్చినవాళ్లు నాలుగువందల మంది అన్నారు. శ్యామ్‌సుందర్ నమ్మకం లేక కనకదుర్గ వైపు చూశాడు.

"నాలుగువందలు కాదు," అంది ఆమె. "అయిదువందలు. వెనక గుమ్మంలోంచి వచ్చినవాళ్లని బాబాయ్ గారు చూడలేదు."